నీళ్ళు పడని చేపలు

ఇండియా నుంచి చుట్టాలు షికాగో వస్తే మేము చూపించేవాటికి ఒక వరస ఉంది. మొదట లెమాంట్ కొండమీది రామాలయం, తరువాత అరోరాలో బాలాజీ గుడి, ఆ మర్నాడు మిషిగన్ సరస్సు ఒడ్డు. సరస్సు ఒడ్డున ఎనిమిది మూలల పాలరాతి భవనం షెడ్ అక్వేరియం. ఆ మెట్లు మేము ఎన్నిసార్లు ఎక్కి దిగామో లెక్కలేదు. కానీ మొన్న చలికాలంలో వెళ్ళినప్పుడు మాత్రం చూసేవాళ్ళలాగా వెళ్ళలేదు. ఊళ్ళో వైద్యుడి వల్ల కాక పెద్దాసుపత్రికి వెళ్ళేవాళ్ళలాగా వెళ్ళాం. ఇంట్లో చేపలకు జబ్బు చేసింది మరి.

ఆ కథ కొంచెం ముందునుంచి చెప్పాలి. థాంక్స్ గివింగ్ సెలవుల్లో 55 గాలన్ల అద్దాల తొట్టి ఒకటి కొన్నాం. మా తొమ్మిదేళ్ళ అమ్మాయి 2003లో వచ్చిన 'ఫైండింగ్ నీమో' సినిమాని ఎన్నిసార్లు చూసిందో! ఆ నారింజరంగు క్లౌన్ చేపలు, వాటి పక్కన నీలి టాంగ్ చేప కావాలని పట్టుపట్టింది. అవి ఉప్పునీటి చేపలు. సరే, సముద్రపు ఉప్పు కలిపాం. సాంద్రత 1.025 ఉండాలంటే ఉంచాం. వేడి 78 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర నిలబెట్టాం. ఇసక, రాళ్ళు, పంపు, ఫిల్టరు అన్నీ పుస్తకంలో చెప్పినట్టే అమర్చాం. పదోరోజున రెండు క్లౌన్ చేపలు, ఒక నీలి టాంగ్, నాలుగు నత్తలు, ఒక రొయ్య వచ్చి చేరాయి. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. అద్దంలా ఉన్న నీళ్ళు మంచినీళ్ళే అనుకోవడం మా మొదటి తప్పు.

మూడోవారం శుక్రవారం సాయంత్రం చూస్తే టాంగ్ ఒళ్ళంతా ఎవరో రవ్వ చల్లినట్టు తెల్లని చుక్కలు! ఉండుండి అది రాతికి ఒళ్ళు రాసుకుంటోంది. క్లౌన్ చేపలు రెండూ పైకి చేరి గబగబ మొప్పలు ఆడిస్తున్నాయి. తిండి వేస్తే ఒకటి అసలు తిరిగి చూడలేదు. కారు వేసుకుని దుకాణానికి పరుగెత్తాం. చుక్కల సంగతి చెప్పగానే ఒక సీసా చేతిలో పెట్టారు. తొట్టిలో ఇంకేమున్నాయని వాళ్ళు అడగలేదు, మేమూ చెప్పలేదు. ఇంటికి వచ్చి సీసామీద రాసిన కొలత ప్రకారం తొట్టిలో పోసేశాం. మనకు జ్వరం వస్తే వేడి చూడకుండా మాత్ర మింగని మనుషులం, చేప విషయంలో ఆపాటి ఓపిక పట్టలేకపోయాం.

తెల్లవారేసరికి క్లౌన్ చేప ఒకటి అడుగున పడి ఉంది. రొయ్య చచ్చిపోయింది. నత్తలు అద్దం వదిలి ఇసకలో వెల్లకిలా పడ్డాయి. మందు రాగిది. చేపమీది పురుగును చంపే రాగి, రొయ్యలనూ నత్తలనూ కూడా చంపుతుంది. మన రైతులు మొక్కల తెగుళ్ళకు కొట్టే బోర్డో మిశ్రమంలో మైలుతుత్తం ఉంటుంది, అదీ రాగే. ఆ సంగతి సీసా వెనకాల చిన్న అక్షరాల్లో ఉంది. మేము ముందువైపు మాత్రమే చదివాం.

మా అమ్మాయి ఏడవలేదు. తొట్టి ముందు నిలబడి, "జబ్బుతో పోయిందా, మందుతో పోయిందా?" అని అడిగింది. జవాబు చెప్పలేకపోయాం.

ఆ రోజుల్లో మా చెల్లెలి పురిటికని వచ్చిన పిన్ని మా ఇంట్లో ఉంది. ఆవిడది భీమవరం దగ్గర పల్లెటూరు. నలభై ఏళ్ళుగా చేపల చెరువుల గట్టుమీద తిరిగిన మనిషి. ముక్కు మీద కళ్ళజోడు సర్దుకుని తొట్టిలోకి చూసి, "ఇవి తేలుతున్నాయే! మా చెరువులో తెల్లవారుజామున ఇలాగే పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి. గాలి చాలటం లేదు. ఏరేటర్ లేదా మీకు?" అంది. చెరువుల్లో పగలు పాచి ప్రాణవాయువును ఇస్తుంది, రాత్రి అదే పాచి తిరిగి పీల్చుకుంటుంది. అందుకని తెల్లవారుజామున నీళ్ళలో గాలి బాగా తగ్గిపోతుంది. మాకు ఏరేటర్ లేదు గాని, పంపు మూతిని పైకి తిప్పి నీటి పైభాగం కదిలేలా పెట్టాం. ఒక గంటలో మిగిలిన క్లౌన్ చేప కాస్త కిందికి దిగింది. ఆ ఉదయం దక్కిన మొదటి ఊరట అదే.

వెంటనే పిన్ని బాబాయి గారికి ఫోను చేయించింది. తెల్ల చుక్కలనగానే ఆయన అటునుంచి, "వైట్ స్పాటా! కొంప ములిగిందే!" అన్నారు. 1990ల నడిమిలో ఆ పేరుగల వైరస్ కోస్తా జిల్లాల రొయ్యల చెరువులను ఎలా ఊడ్చిపెట్టిందో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. పొలాలు తవ్వి చెరువులు చేసుకున్న కుటుంబాలు అప్పులపాలయ్యాయి. తరువాత ఆయనే నెమ్మదించి, "రొయ్యకా, చేపకా?" అని అడిగారు. చేపకంటే, "అయితే అది వేరు, ఇది వేరు. పేరొకటే. రొయ్యది వైరస్సు, చేపది పురుగు. అదలా ఉంచండి. నీళ్ళు చూపించారా?" అన్నారు.

చూపించలేదు. భీమవరంలో రైతు సీసాలో చెరువునీళ్ళు పట్టుకుని ల్యాబుకు వెళ్ళి, ఆ కాగితం చూశాకగాని మందు కొనడు. ఇక్కడ ఇన్ని చదువులు చదివిన మేము నీళ్ళు చూడకుండా మందు పోశాం.

ఆ మధ్యాహ్నమే పరీక్షల పెట్టె కొనితెచ్చాం. చిన్న గాజుగొట్టంలో నీళ్ళు పోసి చుక్కల మందు వేస్తే రంగు తేలుతుంది. ఏమీ లేకపోతే పసుపుపచ్చ, అమ్మోనియా ఉంటే ఆకుపచ్చ. మాది చక్కటి చిలకపచ్చ! సంగతి ఏమిటంటే, చేప వదిలే మలినాలనుంచీ, తినకుండా మిగిలిన తిండినుంచీ అమ్మోనియా పుడుతుంది. పాత తొట్టిలో రాళ్ళమీద, ఇసకలో ఉండే ఒకరకం సూక్ష్మజీవులు దాన్ని నైట్రైటుగా మారుస్తాయి. ఇంకొక రకం ఆ నైట్రైటును అంత హానిలేని నైట్రేటుగా మారుస్తాయి. కొత్త తొట్టిలో ఈ సూక్ష్మజీవులు కుదురుకోవడానికి మామూలుగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. మేము పదోరోజునే చేపల్ని దింపాం. పైగా ఉప్పునీటి క్షారగుణంవల్ల అందులో అమ్మోనియా మంచినీటిలోకన్నా ఎక్కువ విషం. దానితో మొప్పలు కమిలి, గాలి పీల్చుకోలేక, ఒంట్లో సత్తువ తగ్గిన చేపమీద పురుగు తేలికగా పైచేయి చేసుకుంటుంది.

పిన్ని ఇదంతా విని ఒక్కమాటలో తేల్చేసింది. "వీటికి నీళ్ళు పడలేదర్రా!"

ఊరు మారినవాళ్ళకు ఒంట్లో బాగుండకపోతే మనవాళ్ళు అనే మాటే అది. మేము ఈ దేశం వచ్చిన మొదటి చలికాలం జలుబులతో, కడుపునొప్పులతో పడుంటే అమ్మ ఉత్తరం రాసిందీ ఇదే మాట. చేపల విషయంలో అది సామెతకాదు, అక్షరాలా నిజం.

పావువంతు నీళ్ళు తీసేసి, క్లోరిన్ విరిచిన నీళ్ళలో ఉప్పు కలిపి, అదే వేడికి, అదే సాంద్రతకు తెచ్చి పోశాం. నీళ్ళలో రాగి లాగటానికి ఫిల్టరులో బొగ్గు పెట్టాం. పొద్దుపోయేదాకా అదే పని. మర్నాడు ఆదివారం. పిన్నికి షెడ్ అక్వేరియం చూపిస్తామని ఎప్పుడో మాటిచ్చాం. మానేద్దామనుకున్నాం గాని, "అక్కడ అన్ని చేపలున్నాయి గదా, వాటికి జబ్బులు రావా? పోయి చూద్దాం పదండి" అని ఆవిడే బయలుదేరదీసింది.

ఆ రోజు గాలి కత్తిలా కోస్తోంది. సరస్సు అంచుల్లో మంచు పలకలు ఒకదానిమీద ఒకటి ఎక్కి కూచున్నాయి. కనుచూపు మేర నీళ్ళే అయినా అవి మంచినీళ్ళు. సముద్రం ఇక్కడికి వందల మైళ్ళ దూరం. మరి ఇక్కడ సముద్రపు చేపలెలా బతుకుతున్నాయని పిన్ని అడిగింది. ఎన్నిసార్లు వచ్చినా మేము అడగని ప్రశ్న అది.

అది చెప్పుకోదగ్గ కథే. మార్షల్ ఫీల్డ్ వర్తక సంస్థకు అధిపతిగా ఉన్న జాన్ షెడ్ ఈ నగరానికి అక్వేరియం కట్టించమని 30 లక్షల డాలర్లు ఇచ్చాడు. 1926లో ఆయన పోయాడు, భవనం 1930లో తెరిచారు. సముద్రానికి ఇంత దూరాన ఉప్పునీటి చేపలను ఉంచడానికి ఏకంగా సముద్రాన్నే తెప్పించారు. ఫ్లోరిడా కొసనున్న కీ వెస్ట్ నుంచి 20 ట్యాంకు బండ్ల రైలు ఎనిమిది సార్లు తిరిగి పది లక్షల గాలన్ల సముద్రపు నీరు మోసుకొచ్చింది. కీ వెస్ట్‌కు దీవులమీదుగా వేసిన ఆ రైలుదారి 1935 తుపానులో కొట్టుకుపోయింది. తరువాతి రోజుల్లో ఉప్పు కలిపి ఇక్కడే నీళ్ళు తయారు చేసుకోవడం నేర్చుకున్నారు. విన్నాక పిన్ని, "చూశారా, చేపకన్న ముందు నీళ్ళు తెచ్చుకున్నారు" అంది.

లోపల ఆవేళ మేము పేర్లు చదవలేదు, ఫోటోలు తీయలేదు. చేపల మొప్పలు చూశాం. మా అమ్మాయి గడియారం పట్టుకుని నిమిషానికి ఎన్నిసార్లు ఆడుతున్నాయో లెక్కపెట్టింది. పగడపు రాళ్ళ మధ్య తిరిగే టాంగ్ జాతి చేపల ముందు అరగంట నిలబడ్డాం. తోక మొదట్లో చురకత్తిలాంటి ముల్లు ఉంటుంది కాబట్టి వాటిని సర్జన్ చేపలంటారు. ఒక్కటీ రాళ్ళకు ఒళ్ళు రాసుకోవటం లేదు. రెక్కలు విప్పుకుని ఉన్నాయి, కళ్ళు తేటగా ఉన్నాయి, ఒకే తీరున మొప్పలు ఆడుతున్నాయి. ఆరోగ్యం ఎలా ఉంటుందో తెలిస్తేగదా అనారోగ్యం తెలిసేది! మేము ఇంట్లో మూడువారాలు చేపల అందం చూశాంగాని ఊపిరి చూడలేదు.

ఈ అక్వేరియంలో తాత అని పేరుపెట్టి పిలిచిన ఆస్ట్రేలియా లంగ్‌ఫిష్ ఒకటి ఉండేది. అది మంచినీటి చేప. 1933లో వచ్చి 2017 దాకా ఇక్కడే బతికింది. 84 ఏళ్ళు! నీళ్ళు పడితే చేప అంతకాలం ఉంటుందని మా అమ్మాయికి చెప్పాం. చెప్పాక, ఇంట్లో చనిపోయినదాని వయసు ఆ పిల్లకు గుర్తుకొస్తుందని తోచి మాట మార్చాం.

వివరాలు చెప్పడానికి నిలబడిన స్వచ్ఛంద సేవకురాలిని పిన్ని తరఫున మేము అడిగాం, కొత్తగా తెచ్చిన చేపలను ఏ తొట్టిలో వేస్తారని. సందర్శకులకు కనబడని గదుల్లో కొన్ని వారాలపాటు వేరుగా ఉంచి, జబ్బేమీ లేదని తేలాకే మిగతావాటిలో కలుపుతారని ఆవిడ చెప్పింది. తెలుగులో చెప్పగానే పిన్ని తలూపి, "బాలింతనూ బిడ్డనూ పురిటిగదిలో ఉంచినట్టన్నమాట" అంది. ఆ కొన్ని వారాల గది ఒకటి మా ఇంట్లో ఉండి ఉంటే ఈ కథే లేదు.

ఇంటికి వచ్చి ఆ రాత్రి దీపం పట్టుకుని టాంగ్‌ను మళ్ళీ పరీక్షగా చూశాం. మిత్రుల్లో కొత్తగా ఉప్పునీటి తొట్టి పెట్టేవారికి పనికొస్తుందని, తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాం. ఉప్పురవ్వంత చుక్కలు, లెక్కపెట్టగలిగేట్టు విడివిడిగా ఉంటే అది చాలామటుకు క్రిప్టోకారియాన్ అనే పరాన్నజీవి. వాడుకలో ఇక్ అంటారు. విడి చుక్కల్లా కాక సన్నటి పిండి లేదా బంగారు పొడి చల్లినట్టు ఉండి, చేప వెలుతురుకు తప్పుకుంటూ, నీటి ధారకు ఎదురుగా నిలబడి రొప్పుతుంటే అది వెల్వెట్, అంటే అమిలోఊడినియం. అది రోజుల్లోనే తొట్టిని ఖాళీ చేస్తుంది, కాబట్టి ఒక్కపూట కూడా ఆలస్యం పనికిరాదు. క్లౌన్ చేప ఒంటినిండా తెల్లని జిగురు పొరలుగా ఊడుతుంటే బ్రూక్లినెల్లా. దానికి రాగి పనిచేయదు, ఫార్మలిన్ కావాలి. రెక్కల అంచున కాలీఫ్లవర్ ముక్కలాంటి బుడిపె ఒకటి లేస్తే అది లింఫోసిస్టిస్ అనే వైరస్. మందు లేదు, మంచి నీళ్ళు మంచి తిండి ఉంటే చాలావరకు దానంతటదే పోతుంది. ఒంటిమీద ఏ మచ్చా లేకుండా అన్ని చేపలూ ఒక్కసారిగా రొప్పుతుంటే మాత్రం మందుసీసా జోలికి పోకండి. అది నీళ్ళ తప్పు. రోగమొకటి, మందొకటి కాకూడదు.

మాది ఇక్. దానితో పాటు అమ్మోనియా. రెండూ కలిసి వచ్చాయి.

ఈ ఇక్ మోసకారి. చేపమీద కనిపించే చుక్క మూడు నుంచి ఏడు రోజుల్లో రాలిపోతుంది. జబ్బు తగ్గిందని మనం పండగ చేసుకుంటాం. నిజానికి అది అడుగున ఇసకలో, రాళ్ళమీద గూడు కట్టుకుని, లోపల వందలుగా విడిపోయి, కొన్ని రోజులకో కొన్ని వారాలకో బయటికి ఈదుకొస్తుంది. అప్పుడు ఒకటి రెండు రోజుల్లో చేప దొరక్కపోతే చచ్చిపోతుంది. రాగి చంపగలిగేది ఈదే ఆ పిల్లల్ని మాత్రమే, చేప చర్మంలో దాగినదాన్నీ కాదు, గూట్లో ఉన్నదాన్నీ కాదు. కాబట్టి ఉపాయం ఒక్కటే. చేపల్ని తీసి వేరే తొట్టిలో ఉంచి మందు ఇవ్వాలి, అసలు తొట్టిని చేపలు లేకుండా ఖాళీగా నడపాలి. ఎన్నాళ్ళంటే, ఆరువారాలకు తక్కువ కాకుండా. గట్టిగా చెప్పేవారు 76 రోజులంటారు. మేము 76 పెట్టుకున్నాం.

20 గాలన్ల తొట్టి ఒకటి బేస్‌మెంటులో పెట్టాం. ఇసక లేదు, రాళ్ళు లేవు, ఎందుకంటే అవి రాగిని పీల్చేసుకుంటాయి. చేప దాక్కోవడానికి రెండు ప్లాస్టిక్ గొట్టం ముక్కలు మాత్రం వేశాం. రాగి లీటరుకు 0.15 నుంచి 0.20 మిల్లీగ్రాములు. మందు రకాన్నిబట్టి ఈ అంకె మారుతుంది, అందుకని సీసా నాలుగువైపులా చదవాలి. తక్కువైతే పురుగు చావదు, ఎక్కువైతే చేప చస్తుంది. ఒక్కసారిగా కాకుండా రెండు రోజుల్లో ఆ కొలతకు తెచ్చాం. రోజూ రాగి పరీక్ష, అమ్మోనియా పరీక్ష. ఆ తొట్టిలో మలినాన్ని మార్చే సూక్ష్మజీవులు లేవు గనక, దాదాపు ప్రతి రోజూ కొన్ని నీళ్ళు మార్చాం. మార్చిన నీళ్ళకు సరిపడా రాగి కలిపాం. ఇలా 30 రోజులు. ఈలోగా పై తొట్టిలో రాగి తాగిన రాళ్ళనూ ఇసకనూ తీసేసి కొత్తవి వేశాం.

వంటింటి గోడకున్న తెలుగు క్యాలెండరుమీద మా అమ్మాయి రోజుకొక గడి కొట్టేస్తూ వచ్చింది. చేపలు లేని తొట్టికి దీపం వేసి, ఊరికే తిరుగుతున్న నీళ్ళను చూస్తూ కూచునేది. వచ్చినవాళ్ళంతా "చేపలేవి?" అని అడిగేవారు. "పురిటిగదిలో ఉన్నాయి" అని జవాబు చెప్పేది. అమ్మోనియా గొట్టం చిలకపచ్చ నుంచి లేతాకుపచ్చకు, అక్కణ్ణుంచి నిమ్మపసుపుకు వచ్చేసరికి ఫిబ్రవరి నెలాఖరైంది. పిన్ని అప్పటికే భీమవరం వెళ్ళిపోయింది. గొట్టం ఫోటో పంపితే బాబాయి గారు, "ఇప్పుడు మీరు రైతులయ్యారు" అని జవాబిచ్చారు.

76వ రోజు ఉగాది వారంలో పడింది. వేపపువ్వు దొరకదుగాని పచ్చడికి లోటు చేయలేదు. ఆ ఆదివారం చేపల్ని పైకి తెచ్చాం. క్లౌన్ చేప తిన్నగా తన పాత మూలకు వెళ్ళింది. టాంగ్ ఒంటిమీద ఒక్క చుక్క లేదు. కానీ ఆ టాంగ్ పెరిగితే అడుగు పొడవు దాకా ఉంటుంది. దానికి 55 గాలన్లు చాలవని అమ్మేటప్పుడు ఎవరూ చెప్పలేదు, కొనేటప్పుడు మేమూ అడగలేదు. వేసవిలో చాలా పెద్ద తొట్టి ఉన్న ఒక మిత్రుడికి ఇచ్చేశాం. ఆయన దాన్ని నెలరోజులు వేరే తొట్టిలో ఉంచి, ఆ తరువాతే కలిపాడు. మా అమ్మాయే ఆయనకు ఆ షరతు పెట్టింది.

ఆ పిల్ల అడిగిన ప్రశ్నకు మేము చివరికి జవాబు చెప్పాం. జబ్బూ ఉంది, మందూ ఉంది, కానీ అసలు తప్పు తొందర, అది మాదే అన్నాం. చేపపిల్లకు ఈత నేర్పనక్కరలేదంటారు. నిజమేగాని, నీళ్ళు మాత్రం మనమే ఇవ్వాలి గదా. ఆ పిల్ల కాసేపు ఆలోచించి, "సరే, ఈసారి ముందు నీళ్ళు చూద్దాం" అంది. కోపంగా అనలేదు. ఆ 'చూద్దాం'లో మమ్మల్ని కూడా కలుపుకుంది.

తొట్టి ఇప్పుడు మా ముందుగదిలో ఉంది. దారిన వచ్చే మిత్రులు తప్పక చూసిపొండి. కాఫీ మా ఖర్చు. పిల్లలు వేళ్ళతో అద్దం మీద కొట్టకుండా మాత్రం చూడమని మనవి.